బిల్లు క్వాచాల్లో, అప్పు డాలర్లలో: ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకుకు ఒక లైను ఇంజినీరు బహిరంగ లేఖ

ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అధ్యక్షులు సిదీ ఉల్ద్ తాహ్ గారికి,
ఆ బ్యాంకు గవర్నర్ల మండలిలో భారతదేశం తరఫున కూర్చునే మన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

నేను కరెంటు లైన్లు వేసిన మనిషిని. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఎక్కువ భాగం తెలంగాణ జిల్లాల్లో, చివరి తొమ్మిదేళ్లు టాంజానియా, జాంబియాల్లో గడిచింది. రిటైరై ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. నేను బ్యాంకింగ్ చదువుకోలేదు. కానీ ఒక లైను ఎందుకు ఆగిపోతుందో, పూర్తయిన లైను కింద ఊరు చీకట్లో ఎందుకు ఉండిపోతుందో దగ్గర నుంచి చూశాను. చాలాసార్లు కారణం స్తంభాల దగ్గర దొరకలేదు, అప్పు కాగితాల్లో దొరికింది. అందుకే ఈ లేఖ మీ ఇద్దరికీ రాస్తున్నాను.

సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో సుమారు 60 కోట్ల మందికి ఇప్పటికీ కరెంటు లేదు. 2030 నాటికి వాళ్లలో సగం మందికి, అంటే 30 కోట్ల మందికి ఇస్తామని మీ బ్యాంకు, ప్రపంచ బ్యాంకు కలిసి 2024లో మాట ఇచ్చాయి. ‘మిషన్ 300’ అని పేరు పెట్టారు. అందులో ప్రపంచ బ్యాంకు వంతు 25 కోట్ల మంది, మీ వంతు 5 కోట్ల మంది. 2025 జనవరిలో టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో జరిగిన సమావేశంలో 12 దేశాలు తమ ప్రణాళికలు తెచ్చి మీ ముందు పెట్టాయి. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. టాంజానియాలో మీ బ్యాంకు డబ్బు కూడా ఉన్న ఇరింగా–షిన్యాంగా లైను మీద నేను రెండేళ్లు పని చేశాను. 670 కిలోమీటర్ల 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైను అది. మంచి లైను. కాబట్టి మీరు చేయలేరన్న అనుమానంతో ఈ మాటలు రాయడం లేదు.

ఆ లైను దారిలోనే సింగిడా దగ్గర టవర్లకు తీగ లాగుతున్నప్పుడు ఊరి పిల్లలు రోజూ వచ్చి చూసేవాళ్లు. ఎనిమిదేళ్ల పిల్లాడొకడు నన్ను అడిగేవాడు: “మ్జే, ఉమేమే ఎప్పుడొస్తుంది?” మ్జే అంటే పెద్దాయన. ఉమేమే అంటే స్వాహిలీలో కరెంటు, మెరుపు కూడా. మన విద్యుత్తు మాటకూ మొదటి అర్థం మెరుపే. ఇంత దూరంలో ఉన్న రెండు భాషలు ఆకాశంలో చూసిన దానికే ఒకే రకంగా పేరు పెట్టుకున్నాయని నాకు అప్పుడే తెలిసింది. పిల్లాడికి ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. 400 కేవీ తీగ నుంచి నేరుగా ఇంటికి కరెంటు ఇవ్వడం కుదరదు. దానికి సబ్‌స్టేషన్ కావాలి, 33 కేవీ లైను కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చివర్లో సర్వీసు వైరు కావాలి. దీపం కింద చీకటి అని మన పెద్దవాళ్లు అనేది అక్కడ కళ్లతో చూశాను.

ఆ పిల్లాడి వయసులో నేనూ అదే ప్రశ్న అడిగాను. మాది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో ఎక్కబుడ్డి వెలిగేది. గ్యాసునూనె వాసన అంటే ఇప్పటికీ నాకు పుస్తకాలే గుర్తొస్తాయి. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం మొదలైంది. మేమంతా ‘సెస్’ అంటాం. కరెంటు వాడేవాళ్లే అందులో సభ్యులు, వాళ్లు ఎన్నుకున్న పాలకవర్గం దాన్ని నడిపేది. విద్యుత్ బోర్డు దగ్గర టోకుగా కరెంటు కొని ఊళ్లకు పంచేది. బావుల మీద మోటార్లు వచ్చాయి. సిరిసిల్లలో సాంచాలు పెరిగాయి (బయటివాళ్లకు మరమగ్గాలంటే తెలుస్తుంది). మా ఊరికి స్తంభాలు వచ్చిన ఏడాది నేను ఆరో తరగతి.

చాలా ఏళ్ల తర్వాత, జాంబియాలో లెక్కలు చూస్తున్నప్పుడు నాకు సెస్ మళ్లీ గుర్తొచ్చింది. ఆ సంఘానికి అప్పు ఇచ్చింది 1969లో పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ, ఆర్‌ఈసీ. ఆర్‌ఈసీకి మొదట్లో వచ్చిన సొమ్ములో అమెరికా డబ్బు ఉంది. కానీ అది డాలర్ల రూపంలో రాలేదు. పీఎల్-480 పథకం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మింది. వాటి ఖరీదు మనం రూపాయల్లో కట్టాం. ఆ రూపాయలు ఈ దేశంలోనే జమై ఉండేవి. అందులోంచి పల్లెల కరెంటుకు డబ్బు ఇచ్చారు. సాయం అమెరికాది, నోటు మనది. సెస్ తీర్చాల్సిన అప్పు రూపాయల్లో ఉంది, మా అమ్మ కట్టే బిల్లు కూడా రూపాయల్లోనే ఉంది. 1970లో డాలరు ఏడున్నర రూపాయలు. 1992కి పాతిక దాటింది. ఆ అప్పు డాలర్లలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సంఘం దివాలా తీసేది, లేదంటే మా ఇంటి బిల్లు మూడు రెట్లు అయ్యేది. మూడు రెట్లు కట్టే స్తోమత మా ఊళ్లో ఎవరికీ లేదు. ఎక్కబుడ్డి మళ్లీ గూట్లోకి వచ్చేది.

మీ ముందు నేను పెట్టదలచింది ఇదొక్కటే. ఆఫ్రికాలో కరెంటుకు ఇచ్చే అప్పు, ఆ కరెంటు వాడేవాళ్ల చేతిలో ఉన్న నోటులోనే ఇవ్వండి.

జాంబియా సంగతి చెప్తాను. అక్కడి నోటు పేరు క్వాచా. 2016లో ప్రపంచ బ్యాంకు బృందం ‘స్కేలింగ్ సోలార్’ పేరుతో, ఎవరు తక్కువ ధరకు కరెంటు ఇస్తారో తేల్చే వేలం అక్కడ నడిపించింది. లుసాకా దక్షిణాన బాంగ్వేలు సౌర కేంద్రానికి యూనిట్ 6.02 అమెరికన్ సెంట్ల ధర పలికింది. ఆఫ్రికాలో అప్పటికి అంత తక్కువ ధర లేదు. 25 ఏళ్ల పాటు అదే ధర. అందరం సంబరపడ్డాం. అప్పట్లో డాలరుకు సుమారు పది క్వాచాలు. అంటే యూనిట్‌కు 60 ఎంగ్వేలు, మన లెక్కన పైసలు అనుకోండి. 2020 నవంబరులో జాంబియా తన విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. క్వాచా పడుతూ పోయింది. 2024 చివరికి డాలరుకు 27 క్వాచాలు దాటాయి. అదే 6.02 సెంట్లు అప్పటికి ఒక క్వాచా 60 ఎంగ్వేలు పైమాటే. అదే ఎండ, అవే ప్యానెళ్లు, అదే ఒప్పందం. ధర మాత్రం రెండున్నర రెట్లు దాటింది. ఈ తేడా ఎవరు కట్టాలి? అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ. దాని దగ్గర లేకపోతే ప్రభుత్వం. దాని దగ్గరా లేకపోతే కొత్త కనెక్షన్లు ఆగిపోతాయి, పాత ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయినా మార్చరు.

ఆ 2024లోనే కరువు వచ్చింది. జాంబియా కరెంటులో 80 శాతానికి పైగా నీళ్ల నుంచే వచ్చేది. కరీబా జలాశయం అడుగంటింది. చాలా చోట్ల రోజుకు మూడు నాలుగు గంటలే కరెంటు. లుసాకా శివారులో నాకు తెలిసిన వెల్డింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. అర్ధరాత్రి రెండింటికి కరెంటు వస్తే అప్పుడు లేచి గేట్లు అతికిస్తున్నానని చెప్పాడు. పక్కనే మొక్కజొన్న పిండి గిర్ని కూడా అదే వేళకు తిరిగేదట. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని చీకట్లో వరుస కట్టేవాళ్లట. నీళ్లు లేనప్పుడు ఎండ ఆదుకోవాలి. అంత ఎండ ఉన్న దేశంలో సౌర కేంద్రాలు ముందే ఎందుకు వందల సంఖ్యలో రాలేదు? నేను ఆ ప్రశ్న పట్టుకుని నెల రోజులు లెక్కలు వేశాను.

సౌర కేంద్రానికి బొగ్గు కొననక్కర్లేదు, డీజిల్ కొననక్కర్లేదు. ఖర్చంతా మొదటి రోజే. అందుకని దాని కరెంటు ధరను నిర్ణయించేది వడ్డీ. వంద కోట్ల కేంద్రం అనుకోండి, ఇరవై ఏళ్ల అప్పు. 5 శాతం వడ్డీ అయితే ఏటా 8 కోట్లు కట్టాలి. 15 శాతం అయితే ఏటా దాదాపు 16 కోట్లు. అవే ప్యానెళ్లు, అదే ఎండ, ధర రెట్టింపు. సంపన్న దేశాలతో పోలిస్తే ఆఫ్రికాలో ఇలాంటి ప్రాజెక్టులకు పెట్టుబడి ఖర్చు కనీసం రెండు మూడు రెట్లు ఉంటుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్తోంది. ప్రపంచంలోని మేలైన సౌర వనరుల్లో 60 శాతం ఆఫ్రికాలోనే ఉన్నాయనీ, పెట్టిన సౌర సామర్థ్యంలో దాని వాటా ఒక్క శాతమేననీ చెప్పింది కూడా ఆ సంస్థే. వడ్డీ ఎందుకంత అంటే పెట్టుబడిదారులు చెప్పే మొదటి కారణాలు రెండు. నోటు విలువ పడిపోతుందన్న భయం, కొనేవాడు బిల్లు కట్టడన్న భయం.

రెండో భయం గురించి ముందు ఒక మాట. అది ఆఫ్రికాకే పరిమితమైన జబ్బు కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడాలని ప్రభుత్వం పూనుకుంది. డిస్కమ్‌లు (ఇళ్లకు కరెంటు పంచే సంస్థలు) నష్టాల్లో ఉన్నాయి కాబట్టి ఆ బాధ నాకు అర్థమైంది. కానీ ఒప్పందం నిలబడుతుందా అన్న టెన్షన్ దేశమంతా పాకింది. 2022 మార్చిలో ఒప్పందం ధర ప్రకారమే కట్టాలని హైకోర్టు తీర్పు ఇచ్చే దాకా కంపెనీలు కోర్టు చుట్టూ తిరిగాయి. దీనికి ఎదురు ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని రీవా. 2017లో అక్కడ 750 మెగావాట్ల వేలానికి ముందే బిల్లు ఆలస్యమైతే ఎవరు కడతారో, చివరికి రాష్ట్ర ప్రభుత్వం ఎలా పూచీ పడుతుందో అంచెలంచెలుగా రాసి పెట్టారు. మొదటి ఏడాది ధర యూనిట్ 2 రూపాయల 97 పైసలకు దిగింది. భయం తగ్గితే ధర తగ్గుతుంది. రీవా నుంచి ఆఫ్రికా నేర్చుకోవచ్చు. కానీ రీవాలో కరెంటు ధర రూపాయల్లో ఉంది, అది కొనేవాళ్లు బిల్లు కట్టేదీ రూపాయల్లోనే.

మొదటి భయం, నోటు భయం, మీ చేతిలో ఉంది. డాలరుతో ఒప్పందం రాసుకుంటే ఆ భయం పోదు. పెట్టుబడిదారు నెత్తి మీద నుంచి దిగి మీటరు ఉన్న ఇంటి మీద కూర్చుంటుంది, అంతే. రెండు వందల క్వాచాల కరెంటు కొనుక్కునే ఇల్లాలికి న్యూయార్క్ వడ్డీ రేట్లతో ఏం పని? ఆమె ఏ విధంగానూ దాన్ని ఆపలేదు, బీమా చేయించుకోలేదు. మీ బ్యాంకు చేయగలదు. అత్యుత్తమ రేటింగ్ ఉన్న సంస్థ మీది. బరువు మోయగలిగినవాళ్ల భుజం మీద పెట్టడం న్యాయం.

స్థానిక నోటులో అప్పు ఇస్తే వడ్డీ ఇంకా ఎక్కువ కదా, నైజీరియా కేంద్ర బ్యాంకు రేటే 25 శాతం దాటింది కదా అని మీ అధికారులు అంటారు. నిజమే. దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కానీ దారులు ఆఫ్రికాలోనే ఉన్నాయి. దక్షిణాఫ్రికా 2011 నుంచి సౌర, పవన విద్యుత్‌కు వేలాలు నడిపింది. ధరలు అక్కడి నోటు ర్యాండ్లలో, అప్పుల్లో చాలా భాగం అక్కడి బ్యాంకుల నుంచే. మొదటి నాలుగు విడతల్లోనే 6,000 మెగావాట్లు దాటాయి. సౌర విద్యుత్ ధర మొదటి విడతతో పోలిస్తే నాలుగో విడతకు మూడో వంతు కంటే తక్కువకు వచ్చింది. అంత పెద్ద బ్యాంకులు మిగతా దేశాల్లో లేవు, ఒప్పుకుంటాను. నైజీరియాను చూడండి. అక్కడి నోటు నైరా. ఇన్‌ఫ్రాక్రెడిట్ అనే సంస్థ నైరా బాండ్లకు పూచీ పడుతుంది. 2019లో షిరోరో జలవిద్యుత్ కేంద్రం నడిపే కంపెనీ ఆ పూచీతో 850 కోట్ల నైరాల బాండ్లు 15 ఏళ్ల గడువుకు అమ్మింది. కొన్నవి అక్కడి పింఛను నిధులు. అంటే నైజీరియా ఉద్యోగుల పొదుపు నైజీరియా కరెంటుకే చేరింది. ఆ పింఛను సొమ్ము చాలా ఏళ్ల పాటు కదలకుండా ఉండే సొమ్ము, సౌర కేంద్రానికి కావలసింది సరిగ్గా అదే. ఇలాంటి పూచీ సంస్థ జాంబియాలో, మలావిలో, మడగాస్కర్‌లో నిలబెట్టడానికి మీ డబ్బు పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2007 నుంచి టీసీఎక్స్ అనే నిధి ఉంది. బలహీన కరెన్సీల ఒడిదుడుకులను మోయడమే దాని పని. దాని రుసుము ఖరీదే. దాతలు ఇచ్చే గ్రాంటు సొమ్ములో కొంత ఆ రుసుముకు కట్టండి. ఇంకో అధ్యయనానికి, ఇంకో సలహాదారుకు కట్టే దానికంటే అది మేలు. ఉగాండా షిల్లింగుల్లో, నైజీరియా నైరాల్లో మీరే ఇంతకుముందు బాండ్లు అమ్మి డబ్బు సేకరించారు. దారి మీకు తెలుసు.

ఇంటి పైకప్పు మీద చిన్న ప్యానెల్ పెట్టి రోజువారీ ఫోన్ చెల్లింపులతో నడిపే కంపెనీలకు ఇది ఇంకా అవసరం. కెన్యాలో 2007లో ఎంపెసా అనే ఫోన్ చెల్లింపుల సేవ వచ్చాక ఆ పద్ధతి పుట్టింది. రోజుకు కొన్ని షిల్లింగులు కడితే ఆ రోజు లైటు వెలుగుతుంది. కూలి డబ్బుకు సరిపోయే పద్ధతి. కానీ ఆ కంపెనీలు అప్పు తెచ్చుకునేది ఎక్కువగా డాలర్లలో. 2023 జూన్‌లో నైజీరియా మారకపు విధానం మార్చినప్పుడు డాలరు 460 నైరాల దగ్గర ఉంది. ఏడాది తిరగకముందే 1,500 అయింది. నైరాల్లో వసూలు చేసి డాలర్లలో కట్టేవాడు ఎలా బతుకుతాడు?

ఇక లైన్ల మాట. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 365 గాలిమరలు, 310 మెగావాట్లు. ఆ ప్రాజెక్టుకు అప్పులు కూడగట్టడంలో మీ బ్యాంకుదే ముందు వరుస. ఆ గాలిని చూస్తే ఎవరైనా అక్కడే పెట్టాలంటారు. కానీ అక్కడి నుంచి సుస్వా సబ్‌స్టేషన్ దాకా 400 కిలోమీటర్లు దాటిన లైను వేరే ఒప్పందం, వేరే డబ్బు. లైను కాంట్రాక్టరు మధ్యలో దివాలా తీశాడు. మరలు 2017లో సిద్ధమై నిలబడ్డాయి. లైను 2018 సెప్టెంబరుకు వచ్చింది. తిరగని మరలకు కెన్యా జరిమానా కట్టుకుంది. ఆ కరెంటు కొనే ఒప్పందం కూడా యూరోల్లోనే. మరలు ఉన్న భూమిని సంస్థకు ఇచ్చిన తీరు చెల్లదని 2021లో అక్కడి కోర్టు చెప్పింది. పశువులు మేపుకునే జనాన్ని ముందు అడిగి ఉంటే ఆ మరక ఉండేది కాదు. లైన్లు వేసిన వాడిగా చెప్తున్నాను. కేంద్రానికి, లైనుకు, భూమికి డబ్బు ఒకే కాగితం మీద ఉండాలి. లైను పూర్తయ్యే తేదీ రాయకుండా కేంద్రం మీద సంతకం పెట్టకండి.

చివరి ముక్క గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కెన్యాలో ట్రాన్స్‌ఫార్మర్‌కు 600 మీటర్ల లోపలే ఉండి కూడా కరెంటు లేని ఇళ్లు లక్షల్లో ఉండేవి. కనెక్షన్‌కు 35,000 షిల్లింగులు అడిగేవారు. 2015లో దాన్ని 15,000 చేశారు, వాయిదాల్లో కట్టుకోనిచ్చారు. ఆ పథకంలో మీ డబ్బు ఉంది, దానికి మీకు దండం పెడతాను. టాంజానియా పల్లెల్లో 27,000 టాంజానియా షిల్లింగులకు తగ్గించాక నాకు తెలిసిన ఊళ్లలోనూ జనం కదిలారు. అయినా కొన్ని ఇళ్లు ఆగిపోయాయి. ఇంటి లోపల వైరింగ్‌కు, స్విచ్‌లకు, బోర్డుకు ఎవరూ అప్పు ఇవ్వలేదు. సర్వీసు వైరు గోడ దాకా వచ్చి ఆగిన ఇళ్లు నేను లెక్కపెట్టాను, ఒకే వీధిలో పదకొండు. మట్టి గోడకు సరిపోయేలా రెండు లైట్లు, ఒక ప్లగ్గు ఉన్న తయారు బోర్డులు దొరుకుతాయి. వాటి ఖర్చు కూడా ప్రాజెక్టులో కలపండి, నెలనెలా బిల్లుతో పాటు వసూలు చేయండి.

ఆసుపత్రులను ముందు వరుసలో పెట్టండి. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో నిలకడగా కరెంటు ఉన్న ఆసుపత్రులు సగమే. షిన్యాంగా వైపు ఒక చిన్న క్లినిక్‌లో మా కూలీ భార్య ప్రసవం ఫోన్ లైటు వెలుగులో జరిగింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ నర్సు చేతులు వణకలేదు. కానీ నేను బయట నిలబడి వణికాను, మా క్యాంపులో జనరేటర్ మోగుతున్న చప్పుడు అక్కడికి వినిపిస్తోంది. మరుసటి రోజు నుంచి ఒక వైరు లాగి ఇచ్చాం, మేం అక్కడున్నన్నాళ్లూ.

ఆర్థిక మంత్రి గారూ, భారతదేశం 1983 నుంచి ఈ బ్యాంకులో సభ్యదేశం. 2017లో వార్షిక సమావేశం మన గాంధీనగర్‌లోనే జరిగింది. మన ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి దిగుమతుల బ్యాంకు) ఆఫ్రికా దేశాలకు ఇచ్చే రుణాలు కూడా ఎక్కువగా డాలర్లలోనే ఉంటాయి. వాటితో మన కంపెనీలు లైన్లు వేశాయి, మా బోటివాళ్లకు ఉద్యోగాలు వచ్చాయి, నా పిల్లల చదువులు ఆ జీతంతో నడిచాయి. అందుకే ఈ మాట మరింత బాధ్యతతో అంటున్నాను. మన పల్లెలకు కరెంటు రూపాయి అప్పుతో వచ్చింది. ఆ సంగతి ఆ బల్ల దగ్గర చెప్పగలిగే దేశం మనది. వచ్చే వార్షిక సమావేశంలో చెప్పండి. దానితో పాటు మన సొంత రుణాల్లో కొన్నిటినైనా అక్కడి కరెన్సీకి ముడిపెట్టి చూపించండి.

తాహ్ గారూ, మీరు వచ్చింది మౌరిటానియా నుంచి. ఎండ గురించి, చీకటి గురించి నేను మీకు చెప్పాల్సింది లేదు. మీ బ్యాంకు వార్షిక నివేదికలో ఒక్క పట్టిక అడుగుతున్నాను. విద్యుత్‌కు ఇచ్చిన అప్పులో తీసుకున్న దేశపు నోటులో ఎంత ఇచ్చారో దేశం వారీగా ఒక వరుస. రెండేళ్ల కిందట కనెక్షన్ ఇచ్చిన ఇళ్లలో ఇవాళ్టికీ ఎన్నింట్లో కరెంటు వాడుతున్నారో పక్కనే ఇంకో వరుస. సింగిడా పిల్లాడికి ఇప్పుడు ఇరవై ఏళ్లు వచ్చి ఉంటాయి. నివేదిక వచ్చిన రోజు నేను ముందు టాంజానియా వరుస చూస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు,
కరీంనగర్